నడక వంకర, కోపం జాస్తి, పరుగు భేష్: కుర్ర పందెపు గుర్రాన్ని దారికి తెచ్చుకోవడం ఎలా

మీ దగ్గరున్న రెండేళ్ల గుర్రం తోటి గుర్రాలన్నింటినీ వెనకేసి పోతోంది. కానీ అది కాలు విసిరే తీరు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. దగ్గరికి వెళితే చెవులు వెనక్కి వాల్చి పళ్లు చూపిస్తుంది. ఇలాంటి గుర్రం గురించి ఊళ్లో రెండే సలహాలు దొరుకుతాయి. అమ్మేయండి అనేది ఒకటి, నాలుగు తగిలించండి అనేది రెండోది. రెండూ వినకండి. ఆ నడకా, ఆ కోపమూ చాలాసార్లు వేర్వేరు సమస్యలు కావు. ఒకదాని కారణం వెతుకుతూ పోతే రెండోదాని కారణం కూడా ఆ పక్కనే దొరుకుతుంది. అందుకే ఈ పనిలో వరుస ముఖ్యం. ముందు కాళ్లు, తర్వాత కడుపు, నోరు, ఆ తర్వాతే జీను.

షాద్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, నల్లగొండ వైపు పొలాల్లో కుర్ర గుర్రాన్ని పెంచి హైదరాబాద్‌లోని మలక్‌పేట పందెపు మైదానానికి పంపాలనుకునే వారి కోసం ఇది రాస్తున్నాను. పాలమూరుకు (మహబూబ్‌నగర్‌కు), పందేలకు ఉన్న బంధం కొత్తది కాదు. పందేలను మౌలాలి నుంచి 1886లో మలక్‌పేటకు మార్చిన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరే మహబూబ్‌నగర్‌కూ ఉంది.

కాగితాలు, అసలు వయసు

పందెపు గుర్రాల వంశావళి రాసే స్టడ్ బుక్‌లో నమోదు, పాస్‌పోర్టు, మెడలో మైక్రోచిప్ ఉన్నాయో లేదో చూసుకోండి. అవి లేని గుర్రం ఎంత పరుగెత్తినా పందెపు మైదానంలో దిగలేదు. పాస్‌పోర్టులో పుట్టిన తేదీని ప్రత్యేకంగా చదవండి. మన దేశంలో పందెపు గుర్రాలన్నింటికీ జనవరి 1నే ఒక ఏడు నిండినట్టు లెక్క. ఏప్రిల్ చివర పుట్టింది కూడా జనవరిలో పుట్టిన దానితో పాటే రెండేళ్లది అయిపోతుంది. నిజానికి దాని వయసు ఇరవై నెలలే. ముంగాలి మోకాలి పైనున్న ఎముక పెరుగుదల సుమారు రెండు, రెండున్నరేళ్ల దాకా ఆగదు. ఈ నాలుగు నెలల తేడాను పట్టించుకోని యజమానులే గుర్రాన్ని ముందుగా పాడుచేస్తారు.

నడకను చూడటం నేర్చుకోండి

గట్టిగా, చదునుగా ఉన్న నేల కావాలి. ధాన్యం ఆరబోసే సిమెంటు కల్లం చక్కగా సరిపోతుంది. కళ్లెం వద్దు, తలకు మెత్తని తాడు చాలు. తాడు వదులుగా పట్టుకుని ముప్పై అడుగుల దూరం నడిపించి వెనక్కి తీసుకురమ్మని గుర్రాన్ని చూసుకునే సాయిసుతో చెప్పండి. తర్వాత అదే దూరం ట్రాట్‌లో, అంటే నడకకు, దౌడుకు మధ్య వేగంలో. మీరు ఎదురుగా ఒకసారి, వెనక నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి నిలబడి చూడండి. ఫోనులో నెమ్మది వేగంతో వీడియో తీయండి. తర్వాత కళ్లు మూసుకుని ఒకసారి వినండి. గిట్టల చప్పుడు సమంగా పడుతుంటే సగం భయం పోయినట్టే.

చూడాల్సింది తల. ముంగాలిలో నొప్పి ఉన్న గుర్రం ఆ కాలు నేలకు ఆనినప్పుడు తల పైకెత్తుతుంది, బాగున్న కాలు ఆనినప్పుడు దించుతుంది. వెనక కాలిలో నొప్పి ఉంటే ఆ వైపు తుంటి ఎక్కువగా లేచి పడుతుంది. ఇవేవీ లేకుండా, చప్పుడు సమంగా ఉండి, గిట్ట మాత్రం బయటికి తిరిగి చుట్టు తిరిగినట్టు వస్తుంటే అది చాలావరకు పుట్టుకతో వచ్చిన నిర్మాణం. గిట్ట కొనలు లోపలికి చూసే గుర్రం కాలును బయటికి విసురుతుంది. కొనలు బయటికి చూసేది లోపలికి విసురుతుంది. మొదటిది చూడటానికి వికారం, అంతే. రెండోదానితో జాగ్రత్త. పరుగులో ఒక గిట్ట ఎదుటి కాలిని కొట్టుకుంటుంది.

ఇంకొక పరీక్ష ఉంది, దీన్ని మాత్రం మానకండి. గుర్రాన్ని చాలా చిన్న చుట్టులో తిప్పండి, నాలుగడుగులు వెనక్కి నడిపించండి, నడుస్తుండగా తోకను మెల్లగా పక్కకు లాగండి. వెనక కాళ్లు ఎక్కడ పడుతున్నాయో దానికే తెలియనట్టు తూలితే, చుట్టులో బయటి కాలు మరీ దూరంగా విసిరితే, మెడ ఎముకల్లో వెన్నుపాము నొక్కుకుపోతోందేమోనని అనుమానించాలి. త్వరగా ఎదిగే కుర్ర థరోబ్రెడ్ (పందెపు జాతి) గుర్రాల్లో ఇది వస్తుంది. వైద్యుడు చూసేదాకా దాని మీద ఎవరినీ ఎక్కనివ్వకండి. పందెం సంగతి తర్వాత, ముందు ఎక్కినవాడి ప్రాణం.

పెళ్లి గుర్రాలు నడిపేవాళ్లు వచ్చి "ఇది రేవాల్ నడక సార్, జాతి గుర్రం" అని చెబితే ఒక నమస్కారం పెట్టి పంపించండి. రేవాల్ మార్వాడీ, కాఠియావాడీ గుర్రాల సొత్తు. ఒక పక్క కాళ్లు రెండూ దాదాపు కలిసి కదిలే ఆ నడకకు దగ్గరి సంబంధమున్న జన్యు మార్పును శాస్త్రవేత్తలు 2012లో గుర్తించారు. అది థరోబ్రెడ్‌లలో కనిపించడం చాలా అరుదు. మీ గుర్రం ఒక్కసారిగా అలా నడవడం మొదలుపెడితే ముందు నడుము నొప్పిని అనుమానించండి.

మన మేతలో, మన నీళ్లలో ఉన్న చిక్కులు

గుర్రాల గురించి రాసేవాళ్లు ఎక్కువగా చల్లని దేశాలవాళ్లు. మన జిల్లాల్లో నడక చెడగొట్టే కారణాలు వాళ్ల పుస్తకాల్లో వెనక పేజీల్లో ఉంటాయి. ఇక్కడ అవే ముందు చూడాలి.

తవుడుతో మొదలుపెడదాం. మిర్యాలగూడ మిల్లుల పుణ్యమా అని తవుడు ఎక్కడైనా దొరుకుతుంది, గుర్రం ఇష్టంగా తింటుంది, ఒళ్లు నునుపు తేలుతుంది. కానీ తవుడులో భాస్వరం విపరీతం, కాల్షియం నామమాత్రం. నెలల తరబడి అదే పెడితే శరీరం ఎముకల్లోంచే కాల్షియం తీసుకుంటుంది. గుర్రం ఇవాళ ఈ కాలు, రేపు ఆ కాలు కుంటుతుంది. ముదిరితే ముఖం ఎముకలు ఉబ్బుతాయి. పాడి రైతులు వేసే సూపర్ నేపియర్‌లో ఇదే కథ ఇంకో రూపంలో ఉంది. ఆ గడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. బర్రెల కడుపు దాన్ని తట్టుకుంటుంది, గుర్రం కడుపు తట్టుకోదు. తవుడు, నేపియర్ రెండూ పెట్టే చోట కుర్ర గుర్రం నడక బాగుండాలని కోరుకోవడం అత్యాశ. లూసర్న్ గడ్డి పెంచండి, తవుడు మానండి, దాణాలో కాల్షియం భాస్వరం కంటే తక్కువ కాకుండా వైద్యుడితో లెక్క కట్టించండి.

పచ్చజొన్న మేత రెండోది. లేత జొన్న విషం పశువుల కాపరులందరికీ తెలుసు. గుర్రాల్లో అదనంగా ఇంకొకటి ఉంది. పచ్చజొన్న మీద చాలా రోజులు మేపితే మూత్రాశయం దెబ్బతిని మూత్రం చుక్కలు చుక్కలుగా కారుతుంది, వెనక భాగం ఊగుతూ నడుస్తుంది. దాన్ని చూసి "వయ్యారపు నడక" అని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు. ఆ నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

నీళ్ల సంగతి నల్లగొండవాళ్లకు చెప్పనక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలనే వంచింది. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి దేశమంతటా నల్లగొండ పేరే పెట్టారు. గుర్రం ఆవు కంటే ఫ్లోరైడ్‌ను కొంత ఎక్కువే తట్టుకుంటుంది. అయినా పుట్టినప్పటి నుంచి అదే బోరు మీద పెరిగిన గుర్రానికి కొత్తగా వచ్చే పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, కాళ్ల బిగువు కనిపిస్తే నీటి పరీక్ష చేయించండి. మనిషి తాగే నీటికి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. పెరిగే గుర్రానికి కూడా అదే కొలత పెట్టుకుంటే మంచిది. ఎండాకాలంలో అది రోజుకు నలభై, యాభై లీటర్లు తాగుతుందని మర్చిపోకండి. నల్లా ద్వారా కృష్ణా నీరు వస్తుంటే దానికి ఆ నీళ్లే పట్టండి.

ఆముదం చేను పక్కన గుర్రాన్ని కట్టకండి. ఎరువుగా తెచ్చిన ఆముదం పిండి బస్తాలు పాక దరిదాపుల్లో ఉండకూడదు. పశువులన్నింటిలోకీ గుర్రానికే ఆ విషం తొందరగా ఎక్కుతుంది.

దిద్దవద్దు, సమతూకం చేయండి

నొప్పి లేదని, జబ్బు లేదని వైద్యుడు తేల్చాడు. ఇక మిగిలింది పుట్టుకతో వచ్చిన వంకర. ఇప్పుడు గిట్టలు చెక్కి లాడాలు కొట్టే నాల్‌బందు వస్తాడు. గిట్టను ఒక పక్క ఎక్కువగా చెక్కి కాలు తిన్నగా చేస్తానంటాడు. ఒప్పుకోకండి. గిట్టకు పైనున్న కీలు (ఫెట్‌లాక్) దగ్గర పెరుగుదల పుట్టిన కొన్ని నెలలకే ఆగిపోతుంది. అప్పుడు దిద్దాల్సింది ఇప్పుడు దిద్దబోతే గిట్ట తిన్నగా కనిపిస్తుంది, బరువు మాత్రం కీలులో ఒక పక్కనే పడుతుంది. ఆ కాలు ఎలా ఉందో దానికి తగ్గట్టుగా, గిట్ట రెండు పక్కలా నేలకు ఒకేసారి ఆనేలా చెక్కించండి. నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి, తప్పకుండా. గిట్ట కొన పొడుగు పెరిగితే వంకర రెట్టింపవుతుంది.

కాలికి కాలు తగిలే గుర్రానికి బ్రషింగ్ బూట్లు, వెనక గిట్ట ముంగాలి మడమను తొక్కేదానికి గంట ఆకారపు రబ్బరు తొడుగులు వేయండి. కసరత్తు అయిన వెంటనే విప్పి లోపల ఇసుక రాసుకుందేమో చూడండి.

ఇంత వంకర గుర్రం గెలుస్తుందా అని అడిగేవాళ్లకు ఇద్దరి పేర్లు చెప్పండి. ముందు గిట్ట ఒకటి చిన్నప్పుడే దెబ్బతిని, నడిచేటప్పుడు కుంటినట్టు కనిపించే అసాల్ట్ 1946లో అమెరికాలోని మూడు పెద్ద పందేలనూ గెలిచింది. వెనక కాళ్లు బాగోలేవని వేలంలో ఎవరూ సరైన ధర పెట్టని సండే సైలెన్స్ 1989లో కెంటకీ డెర్బీ కొట్టింది. దాని కోపం కూడా పేరుమోసిందే. తర్వాత జపాన్ వెళ్లి ఆ దేశపు గుర్రాల జాతినే మార్చేసింది. అలాగని ప్రతి వంకర కాలూ అసాల్ట్ కాదు. వంకర ఉందన్న ఒక్క కారణంతో తీసిపారేయవద్దని మాత్రమే నేను చెప్పేది.

కోపం ఎక్కడి నుంచి వస్తోంది

జీను పట్టీ బిగిస్తుంటే కరుస్తోందా? కడుపును అనుమానించండి. గుర్రం కడుపులో ఆమ్లం మేత ఉన్నా లేకపోయినా రోజంతా ఊరుతూనే ఉంటుంది. పొద్దున, సాయంత్రం రెండుసార్లు బక్కెట్టెడు దాణా పోసి మధ్యలో ఖాళీగా నిలబెడితే పుండ్లు పడతాయి. కసరత్తులో ఉన్న పందెపు గుర్రాల్లో ఇది చాలా మామూలు. ఎండుగడ్డి రోజంతా అందుబాటులో ఉంచండి. నాలుగైదు గంటలకు మించి ఖాళీ కడుపు వద్దు. స్వారీకి అరగంట ముందు గుప్పెడు లూసర్న్ తినిపిస్తే ఆమ్లం పైకి చిమ్మదు. నాలుగు వందల యాభై కిలోల గుర్రానికి రోజుకు ఏడెనిమిది కిలోల ఎండుమేత కనీసం ఉండాలి. ఉలవలు మన నేల పంట, గుర్రానికి బలం. కానీ నానబెట్టి, ఉడికించి, కొద్దిగానే పెట్టండి. గింజలు పెంచుకుంటూ పోయి "దీనికి కొవ్వెక్కింది" అనడం న్యాయం కాదు, ఎక్కించింది మీరే.

కళ్లెం వేస్తే తల ఎగరేస్తోందా? నోరు తెరిపించండి. దవడ పళ్ల ముందు చిన్న తోడేలు పన్ను ఉంటే కళ్లెం ఇనుము దానికి తగిలిన ప్రతిసారీ ప్రాణం పోతుంది. రెండున్నర ఏళ్ల దగ్గర పాలపళ్లు ఊడటం మొదలవుతుంది, సగం ఊడిన పన్ను చిగుళ్లను కోస్తుంది. కళ్లెం వేయకముందే పళ్ల పదును అరగదీయించి, అవసరమైతే ఆ చిన్న పన్ను తీయించండి. మొండిదని పేరు పడ్డ గుర్రాల్లో కొన్ని ఈ ఒక్క పనితోనే మారిపోతాయి.

కాళ్లు, కడుపు, నోరు మూడూ బాగుండి కూడా గోడలను తంతోందా? అది ఒంటరితనం. గుర్రం మంద జంతువు. నాలుగు గోడల మధ్య ఇరవై మూడు గంటలు బంధించి, ఒక గంట బయటికి తెచ్చి బుద్ధిగా ఉండమంటే ఎలా? రోజుకు కొన్ని గంటలు కంచె వేసిన మైదానంలో వదలండి. పక్క గుర్రం కనిపించేలా కిటికీ పెట్టండి. రెండో గుర్రం ఖర్చు భరించలేకపోతే మేకను తోడు కట్టండి. మేక ఖర్చు తక్కువ, గుర్రానికి భయపడదు, పందెపు పాకల్లో ఇది పాత అలవాటే.

చేతి పద్ధతి

గుర్రాన్ని చూసే సాయిసు ఒక్కడే ఉండాలి. నెలకొకడు మారితే గుర్రం ఎవరినీ నమ్మదు. జీతంలో కక్కుర్తి పడకండి, మంచి సాయిసు దొరకడం మంచి గుర్రం దొరకడం కంటే కష్టం.

ముక్కుకు సరిగ్గా ముందు, తోక వెనక గుర్రానికి కనిపించదు. ఎప్పుడూ భుజం వైపు నుంచి, మాట్లాడుతూ వెళ్లండి. చేతితో బెల్లం పెట్టడం పూర్తిగా నిషేధించండి. చూడటానికి వచ్చిన చుట్టాలకు కూడా ఈ మాట చెప్పండి. కరిచే పోతుగుర్రానికి చేతిలో తిండి చూపడమంటే కరవడం నేర్పడమే. పెట్టాలనుకుంటే తొట్టిలో వేయండి.

నేర్పే పద్ధతి ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. తాడుతో కొద్దిగా ఒత్తిడి పెట్టండి, గుర్రం మీరడిగిన వైపు ఒక్క అడుగు వేసిన క్షణంలోనే వదలండి. వదలడమే దానికి బహుమతి. తప్పు చేసిన పది క్షణాల తర్వాత కొడితే అది ఎందుకో దానికి అర్థం కాదు, కొట్టింది ఎవరో మాత్రం గుర్తుంటుంది. భయపడిన గుర్రాన్ని కొట్టకండి. భయపడ్డందుకు నిజంగానే దెబ్బ తగిలిందని, భయం సరైనదేనని అది తేల్చుకుంటుంది. ప్రతి పాఠాన్నీ గుర్రం ప్రశాంతంగా ఉన్న చోటే ఆపండి, మరో ఐదు నిమిషాలు చేయాలనిపించినా సరే.

జీను వరుస ఇది. ముందు నడుముకు పట్టీ, తర్వాత రెండు పొడవాటి పగ్గాలతో వెనక నడుస్తూ తోలడం, తర్వాత ఖాళీ జీను, తర్వాత తేలికైన కుర్రాడు జీను మీద అడ్డంగా బోర్లా వాలడం, చివరికి కూర్చోవడం. ఒక మెట్టు మీద గుర్రం విసుక్కుంటే కింది మెట్టుకు దిగండి. కళ్లెం మెత్తనిది చాలు. ఇలాంటి గుర్రానికి ఇనుము పెంచే కొద్దీ పోట్లాట పెరుగుతుంది. తలను కిందికి లాగి కట్టే పట్టీలతో నడకను అందంగా చేయబోకండి. వంకర నడక గుర్రం తలతో, మెడతో తూకం వెతుక్కుంటుంది. ఎక్కేవాడు కదలకుండా, చేతులు నెమ్మదిగా పెట్టుకునేవాడై ఉండాలి.

నేల, ఎండ, వేగం

ఎర్ర చల్క నేల వాన పడిన మర్నాడు పరుగుకు హాయి. మే నెలలో అదే నేల బండ. రాళ్లు ఏరించి, దున్ని, గుంటక తోలి ఒక దారి తయారుచేసుకోండి. నల్లరేగడి తడిస్తే గిట్టను పట్టేస్తుంది, ఎండితే పగుళ్లలో కాలు ఇరుక్కుంటుంది. దుందుభి వాగు ఇసుకలో పరుగెత్తిస్తే బలం వస్తుందని కొందరంటారు. లోతు ఇసుకలో నడిపించండి, పరుగు వద్దు, స్నాయువులు తెగుతాయి. తాడు కట్టి చిన్న చుట్టులో గంటలకొద్దీ తిప్పడం కూడా వంకర కాళ్ల గుర్రానికి చేటు. చెరువు కట్టల మీద, బండ్ల బాటల్లో తిన్నగా, ముందు ఒక పాత నిదానపు గుర్రాన్ని పెట్టి నడిపించండి. దూరంగా డప్పు చప్పుడు, ట్రాక్టర్, లారీ హారన్ వినిపించే చోట్లకు మెల్లమెల్లగా అలవాటు చేయండి. కురుమూర్తి జాతరకు తీసుకెళ్లి ఒకేసారి అలవాటు చేయాలని మాత్రం అనుకోకండి.

వారాల తరబడి నెమ్మది క్యాంటర్ (నిదానపు దౌడు) చేయించి, ఆ తర్వాత వారానికొకసారి రెండు వందల మీటర్ల చురుకు పరుగు చాలు. ఎముక గట్టిపడటానికి ఆ కొద్దిపాటి వేగం కావాలి, ఎక్కువైతే ముంగాలి మోకాలి కింది పొడవాటి ఎముక ముందువైపు వాచి ముట్టుకోనివ్వదు. రోజూ పొద్దున కసరత్తుకు ముందే నాలుగు కాళ్లూ చేత్తో తడమండి. నిన్నటికన్నా వేడిగా ఉన్న చోటే సమస్య. మన పందెపు మైదానాల్లో మలుపులు కుడివైపుకు ఉంటాయి. గుర్రం కుడి ముంగాలిని ముందుంచి మలుపు తిరగడం నేర్చుకోవాలి, కానీ సాధన రెండు వైపులా సమంగా ఉండాలి.

వేసవిలో సూర్యుడు రాకముందే పని ముగించండి. విశ్రాంతిలో గుర్రం ఒంటి వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల మధ్య ఉంటుంది. పరుగు తర్వాత ఒళ్లంతా చల్లని నీళ్లు ఆగకుండా పోయండి, నీళ్లు తాగనివ్వండి. చుట్టూ ఉన్న గుర్రాలు చెమటతో తడుస్తుంటే మీది పొడిగా ఉండి రొప్పుతుంటే వెంటనే పని ఆపి వైద్యుణ్ని పిలవండి. చెమట పట్టని జబ్బు మన వాతావరణంలో ఉన్నదే.

పంపే ముందు

ట్రక్కు ఎక్కడం ప్రయాణం రోజున నేర్పేది కాదు. నెల ముందు నుంచే ట్రక్కులో మేత పెట్టి దించుతూ ఉండండి. పందెం మొదలయ్యే ఇరుకు గేటు లాంటి కర్రల దారి కట్టి దాంట్లోంచి నడిపించండి, తర్వాత నిలబెట్టండి, తర్వాత వెనక మూయండి. ఈ రకం గుర్రం మైదానంలో ఓడేది ఎక్కువగా గేటు దగ్గరే.

విత్తులు కొట్టించాలా అన్న ప్రశ్న వస్తుంది. కోపానికి నొప్పి, ఒంటరితనం కారణాలు కావని తేలాకే ఆలోచించండి. మీరు కలలు కంటున్న పెద్ద పందెంలో అలాంటి గుర్రాన్ని దిగనిస్తారో లేదో నియమాలు ముందు చదవండి, ఆ పని వెనక్కి తీసుకోలేం.

చివరిగా, ట్రైనర్‌కు గుర్రంతో పాటు రెండు వస్తువులు పంపండి. ఒకటి, గట్టి నేల మీద దాని మామూలు నడక, ట్రాట్ వీడియో, తేదీతో సహా. అక్కడి వైద్యులు ఆ విసురు కాలు చూసి కుంటి అనుకోకుండా, నిజంగా కుంటిన రోజున తేడా పట్టుకునేలా అది పనికొస్తుంది. రెండోది ఒక కాగితం. ఏ వైపు నుంచి వెళితే నిలబడుతుంది, జీను పట్టీ ఎన్ని దఫాలుగా బిగించాలి, ఏ చెవి ముట్టుకోనివ్వదు, రాత్రి మేత ఎన్ని గంటలకు, ఏ చప్పుడుకు బెదురుతుంది. దాని నకలు ఒకటి సాయిసు జేబులో కూడా పెట్టండి.